మాటలున్న పుస్తకం

శుక్రవారం మధ్యాహ్నం పుస్తకాల సంచులు సర్దే పని బ్రయొనీది. చిన్న తరగతి పిల్లలందరికీ తలా ఒక నీలం సంచి, దాని మీద వాళ్ళ పేరు, లోపల శని ఆదివారాలకి ఇంటికి పట్టుకెళ్ళే పుస్తకం ఒకటి. అక్షరాల చప్పుళ్ళు కలిపి మాట చదవడం వచ్చినవాళ్ళకి మాటలున్న పుస్తకం. ఇంకా రానివాళ్ళకి ఉత్త బొమ్మల పుస్తకం. సెప్టెంబరులో బడి తెరిచినప్పుడు అన్ని సంచుల్లోనూ బొమ్మలే. క్రిస్మస్ దాటి, పొలాల మీద మంచు పోయి, బడి గోడ కింద డాఫొడిల్ మొగ్గలు తలలెత్తేసరికి బొమ్మల పుస్తకం ఒక్క సంచిలోనే మిగిలింది.

అది టాబిత ప్రీస్ సంచి.

టాబిత సంచి తెరిచి, పుస్తకం తీసి, పేజీలన్నీ తిప్పి చూసింది. తలకిందులుగా పట్టుకుని ఓసారి దులిపింది కూడా.

"మిస్, ఇందులో మాటలు రాలిపోయాయి."

"రాలిపోలేదు బంగారం," అంది బ్రయొనీ. "ఇది బొమ్మలు చూసి మనమే కథ చెప్పుకునే పుస్తకం."

"అదే కదా మిస్ బాధ." టాబిత పెద్దవాళ్ళలా నిట్టూర్చింది. "తాత చేతికిస్తే రోజుకో కథ చెప్తాడు. మొన్న ఈ నక్క దొంగ. నిన్న ఇదే నక్క డాక్టరు. మాటలుంటే తాత మార్చలేడు."

పక్కన కోటు వేసుకుంటున్న రూఫస్ తన పుస్తకం తెరిచి ఆమె ముక్కు దగ్గర ఆడించాడు. "నాదాంట్లో చూడు, పేజీ పేజీకీ మాటలే! నీది పాపల పుస్తకం."

"రూఫస్, బొత్తాలు తప్పు పెట్టుకున్నావు," అంది బ్రయొనీ. వాడు కిందికి చూసుకునేలోగా టాబిత సంచి మూసేసి, భుజానికి తగిలించుకుని, వరసలో చివర నిలబడింది. ఏడవలేదు. సంచిని మాత్రం పేరు కనబడకుండా లోపలి వైపుకి తిప్పుకుంది.

బ్రయొనీ ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ బడిలోనే ఆ కొక్కేలకే కోటు తగిలించి చదువుకున్న పిల్ల. ఇప్పుడు అదే తరగతిలో సహాయకురాలు. టీచరు మిసెస్ పార్జిటర్ పాఠం చెప్తుంటే బ్రయొనీ వెనక కూర్చుని పెన్సిళ్ళు చెక్కుతుంది, ముక్కులు తుడుస్తుంది, వెనకబడిన పిల్లని వసారాలోకి తీసుకెళ్ళి చెప్పిందే మళ్ళీ చెప్తుంది. మాట తక్కువ. చూపు మాత్రం ఒకచోట నిలిస్తే అంత తొందరగా కదలదు.

సోమవారం ఆ చూపు టాబిత చేతుల మీద నిలిచింది.

మిసెస్ పార్జిటర్ దగ్గర ఒక కప్ప బొమ్మ ఉంది. చేతికి తొడుక్కుంటే నోరు తెరుస్తుంది. పాపం ఆ కప్పకి మాటలు కలిపి పలకడం రాదు, ముక్కలుగానే వస్తుంది. "మ్... ఊ... న్..." అంటుంది. "మూన్!" అని పిల్లలంతా అరిచి దానికి మాట అందిస్తారు. అది సంతోషంతో తల ఊపుతుంది. పిల్లలకి ఈ ఆట అంటే ప్రాణం. టాబిత ఒక్కతే నవ్వదు. కప్ప వైపు మెచ్చుకోలుగా చూస్తుంది, ఎంత చక్కగా పలుకుతోందో అన్నట్టు. కప్ప పలికే ఒక్కో చప్పుడికీ, ఒళ్ళో ఆమె పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి చేరి, చిన్నగా కిందికి లాగుతాయి. పైకి వెళ్తాయి. మళ్ళీ లాగుతాయి.

వసారాలో కోట్ల కింద చిన్న బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నాక బ్రయొనీ ఒక అట్టముక్క చూపించింది.

టాబిత అక్షరాల మీద వేలు పెట్టి, "మ్," అంది. ఆగింది. "ఊ." ఆగింది. "న్." ఒక్కొక్కటీ గాజు గోళీ కింద పెట్టినట్టు తేటగా ఉంది. తరగతిలో ఎవరూ అంత శుభ్రంగా పలకరు.

"బాగుంది. అయితే ఏం మాటది?"

టాబిత ఆలోచించింది. "పంది."

"పందా? ఎందుకలా అనిపించింది?"

"మీరు మాట చెప్పమన్నారు కదా మిస్. పంది కూడా మాటే."

బ్రయొనీకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "సరే, నేను అంటాను విను. మ్, ఊ, న్. ఇంకొంచెం తొందరగా. మ్ ఊ న్. ఇంకా తొందరగా..."

టాబిత చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. కంగారుగా, తలుపు సందులో వేలు పెట్టబోతున్నవాళ్ళని ఆపినట్టు.

"వద్దు మిస్! గుద్దుకుంటున్నాయి!"

"ఏవి?"

"చప్పుళ్ళు. ఎడం ఇవ్వాలి," అంది టాబిత. ఇంత చిన్న సంగతి మిస్‌కి తెలియకపోవడం ఆమెకి వింతగా ఉన్నట్టుంది.

టీ వేళ బ్రయొనీ ఈ సంగతి మిసెస్ పార్జిటర్‌కి చెప్పింది. ఆమె కప్పు కడుగుతూ, "కొందరికి చప్పుళ్ళు విడివిడిగానే వినిపిస్తాయి బ్రయొనీ. ఓ రోజు వాటంతటవే కలుస్తాయి. పుస్తకం మాత్రం నేనివ్వలేను. చదవలేని మాటలు ఇంటికి పంపితే పిల్ల కంఠతా పట్టి చదువుతున్నట్టు నటిస్తుంది. అది ఇంకా చెడ్డ. కలిపి చదివిన రోజున ఆ క్షణమే ఇస్తాను," అంది.

అదీ న్యాయమే. కానీ చప్పుళ్ళు కలవడం టాబితకి వినిపించట్లేదని బ్రయొనీకి అనిపించలేదు. వినిపించినవాళ్ళే కదా వద్దని చెయ్యి పట్టుకునేది. వినిపించింది, నచ్చలేదు. ఎందుకు నచ్చలేదు?

మర్నాడు బడి వదిలాక గేటు దగ్గర టాబిత తాత విల్ఫ్ ప్రీస్ నిలబడి ఉన్నాడు, టోపీ చెవుల మీదికి లాక్కుని. బ్రయొనీ తన దగ్గరికే వస్తోందని చూసి, "ఏంటమ్మాయ్, మా పిల్ల మళ్ళీ రూఫస్‌ని కొరికిందా?" అన్నాడు.

"కొరకలేదండీ ప్రీస్ గారూ."

"కొరికినా నేనేం అనను. వాడి తాతా అంతే, చూస్తే కొరకబుద్ధేసేవాడు."

బ్రయొనీ గొంతు తగ్గించి అడిగింది. "చప్పుళ్ళు గుద్దుకోకూడదు, ఎడం ఇవ్వాలి అంటోంది. ఇంట్లో ఎవరైనా అలా అంటారా?"

విల్ఫ్ గడ్డం గోక్కున్నాడు. "ఇంట్లో ఎవరంటారు? బుధవారాలు దాని అమ్మకి కోళ్ళ ఫ్యాక్టరీలో సాయంత్రం డ్యూటీ. నాతో చర్చి గోపురానికి తెచ్చుకుంటా, గంటలు మోగించే ప్రాక్టీసుకి. అక్కడేమన్నా పట్టుకుందేమో." ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడు. "అవునూ, ఈ ఊళ్ళో పుట్టి పెరిగావు, ఒక్కసారన్నా ఆ మెట్లెక్కావా నువ్వు?"

"లేదండీ."

"సిగ్గులేదూ? రేపు రా. పాలీన్ కేకు తెస్తుంది. తినక్కర్లేదు, బాగుందంటే చాలు."

పుట్టినప్పటినుంచీ ఆ గంటలు వింటూనే ఉంది బ్రయొనీ. ఆదివారం పొద్దున టోస్టు మాడే వాసనా, గంటలూ ఒకేసారి వచ్చేవి. అవి ఎవరో మోగిస్తే మోగుతాయని ఎప్పుడూ అనుకోలేదు. బుధవారం సాయంత్రం ఆ ఇరుకు రాతిమెట్లు చుట్టూ చుట్టూ తిరిగి ఎక్కుతుంటే, గోడలోంచి చలి చేతుల్లోకి పాకింది. పైన గదిలో పైకప్పు చిల్లుల్లోంచి ఆరు తాళ్ళు వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ పట్టుకునే చోట ఎరుపూ తెలుపూ చారల ఉన్ని కుచ్చు. గంటలు ఇంకా పైన, కప్పు వెనక, కనబడవు. మూలన హీటరు. హీటరు పక్క బెంచీ మీద టాబిత, ఒళ్ళో రంగుల పుస్తకం. బ్రయొనీని చూసి జరిగి చోటిచ్చింది.

"మిస్, కాళ్ళు బెంచీ కిందకి పెట్టుకోండి. తాడు కాలికి చుట్టుకుంటే పైకప్పుదాకా ఎగిరిపోతారు."

ఊళ్ళో వాళ్ళే వచ్చారు. పోస్టాఫీసు పాలీన్, పాల డెయిరీ నడిపే అన్నదమ్ములిద్దరు, ఇంకో ఇద్దరు, విల్ఫ్‌తో కలిపి ఆరుగురు. ఒక్కో తాడు దగ్గర ఒక్కొక్కరు నిలబడి, ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి వేసి, పైకి చూశారు. ఆ చేతులు చూడగానే బ్రయొనీ వెన్ను నిటారయింది.

"సిద్ధమా!" అన్నాడు విల్ఫ్. చిన్న గంట తాడు పట్టిన డెయిరీ అన్న, "కదులుతోంది... వెళ్ళింది!" అన్నాడు.

గది మొత్తం ఊగినట్టయింది. పైన ఒక గంట, దాని వెనక ఇంకోటి, చిన్నదాన్నుంచి పెద్దదాకా మెట్లు దిగినట్టు. చుట్టు తిరిగి మళ్ళీ మొదలు. కాసేపటికి వరస మార్చారు, రెండో గంట ముందుకీ మొదటిది వెనక్కీ. అప్పుడు ఎక్కడో రెండు చప్పుళ్ళు ఒకేసారి పడ్డాయి.

"ఎడం!" విల్ఫ్ గొంతు గంటల మీదినుంచి వచ్చింది. ఇది గేటు దగ్గరి విల్ఫ్ కాదు. "గుద్దుకుంటున్నాయి! ఎడం ఇవ్వండి! బస్తా బంగాళాదుంపలు మెట్లమీంచి దొర్లించినట్టుంది!"

టాబిత గుర్రానికి ఊదారంగు వేస్తూ, తలెత్తకుండానే, "పాలీన్," అంది.

"వినిపించిందిలే!" అంది పాలీన్ తాడు లాగుతూనే. మిగతావాళ్ళు నవ్వారు. నవ్వుతో ఇంకో రెండు గంటలు గుద్దుకున్నాయి. "ఎడం!" అని తాతా మనవరాలూ ఒకేసారి అన్నారు.

బ్రయొనీ కదలకుండా కూర్చుంది. ఏళ్ళ తరబడి బుధవారం బుధవారం ఈ పిల్ల ఈ బెంచీ మీద కూర్చుంది. మాటలు కూడా సరిగా రాకముందే ఒక సంగతి నేర్చుకుంది: మంచి చప్పుడంటే తన చోటు తాను ఉంచుకునేది, పక్కదాని మీద పడేది తప్పు. పడితే తాత అరుస్తాడు. ఆ పిల్లని కూర్చోబెట్టి బడిలో అందరూ, కలుపు, కలుపు, తొందరగా, అంటున్నారు.

మధ్యలో కేకు తినేటప్పుడు బ్రయొనీ విల్ఫ్‌ని పక్కకి పిలిచి చెప్పింది. ఆయన మొహం మొదట నవ్వింది, తర్వాత నల్లబడింది. "నా మూలంగానా పిల్లకి పుస్తకం రానిది?"

"అలా కాదండీ. మీరొక్క మాట చెప్తే వింటుందేమోనని."

విల్ఫ్ చేతికంటిన కేకు పొడి దులుపుకుని మనవరాలి ముందు గొంతుక్కూర్చున్నాడు. "చూడు టాబీ, గంటలు వేరు, మాటలు వేరు. బళ్ళో మాటలు చదివేటప్పుడు చప్పుళ్ళు గుద్దుకున్నా ఫరవాలేదు. తెలిసిందా?"

టాబిత ఆయన్ని పరీక్షగా చూసింది. "గుద్దుకుంటే తప్పు కాదా?"

"కాదు."

"మరి పాలీన్‌ని ఎందుకు తిట్టావు?"

"అది... పాలీన్‌ది గంట కదా."

"అడుగు టాబీ, అడుగు. నేనూ అదే అడుగుతున్నా ఎప్పటినుంచో," అంది పాలీన్.

విల్ఫ్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "నా వల్ల కాదమ్మాయ్," అన్నాడు బ్రయొనీతో. ఆ తర్వాత గంటలు గుద్దుకున్నా ఆయన అరవలేదు, నోరు బిగబట్టుకున్నాడు. టాబిత మాత్రం ఆయన బదులు తానే పెదవి విరిచింది.

ప్రాక్టీసు అయిపోయింది. తాళ్ళు పైకి కట్టేశారు, కోట్లు తొడుక్కుంటున్నారు. బ్రయొనీ చూస్తుండగా టాబిత బెంచీ దిగి గది చివరికి వెళ్ళింది. అక్కడ గోడకి బిగించిన ఇనుప నిచ్చెన ఒకటి గంటల గదిలోకి వెళ్తుంది. పైన తలుపుకి తాళం. టాబిత ఆ నిచ్చెనకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

"పద టాబితా, తాత దీపం ఆర్పేస్తున్నారు."

"ఇంకా అయిపోలేదు మిస్."

"అయిపోయింది కదా, గంటలు ఆగిపోయాయి."

"కొట్టడం ఆగింది. మోగడం ఆగలేదు."

బ్రయొనీ వంగి తనూ చెంప ఆనించింది. ఇనుము చల్లగా ఉంది. ముందు ఏమీ లేదు. తర్వాత, చెవికి కాదు, దవడ ఎముకకి తెలిసింది. సన్నగా, తుమ్మెద పెట్టెలో ఉన్నట్టు, ఒక ఝుమ్మనే కదలిక.

"ఏ గంటది?" అని గుసగుసగా అడిగింది.

"అన్నిటిదీ," అంది టాబిత.

"కానీ తాత ఎడం ఇమ్మన్నారు కదా. చిన్న గంట కొట్టి ఆగాక కదా రెండోది కొట్టేది?"

టాబిత కళ్ళు తెరిచింది. నిచ్చెనకి చెరో పక్కా ఇద్దరి మొహాలు దగ్గరగా ఉన్నాయి. "ఆగదు మిస్. చిన్నది మోగుతూనే ఉంటుంది. రెండోది వచ్చేదాకా ఉంటుంది. వచ్చాక కూడా ఉంటుంది. లోపల అన్నీ కలిసే ఉంటాయి."

"అలా కలిసి ఉంటే తాత తిట్టరా?"

"ఎందుకు తిడతాడు? అది గంటే చేస్తుంది. మనుషులు కాదు."

ఇంటికి నడుస్తూ బ్రయొనీ దారి పొడుగునా తన గొంతు మీద తనే చెయ్యి పెట్టుకుని సన్నగా ఏదో అనుకుంటూ వెళ్ళింది. ఎదురొచ్చిన కుక్కల ఆసామి ఒకాయన తప్పుకుని దారిచ్చాడు.

గురువారం వసారాలో బల్ల మీద ఒకే అట్టముక్క ఉంది. టాబిత దాన్ని చూసి, "ఇది పంది కాదని నాకు తెలుసు," అంది.

"ఇవాళ మాట చెప్పక్కర్లేదు. ఇవాళ కొట్టడం కూడా లేదు, మోగించడమే." బ్రయొనీ ఆమె చెయ్యి తీసి ఆమె గొంతు మీదే ఆనించింది. "ఇదే నిచ్చెన. మొదటిది మోగించు. రెండోది వచ్చేదాకా ఆపకు."

"మ్మ్మ్మ్," అంది టాబిత. కళ్ళు పెద్దవయ్యాయి. అరచేతి కింద ఝుమ్మంటోంది. బ్రయొనీ వేలు రెండో చప్పుడు మీదికి జరిగింది. చెయ్యి కింద ఝుంకారం ఆగలేదు, ఊరికే ఆకారం మార్చుకుంది. "మ్మ్మ్మూఊఊఊ..." వేలు మళ్ళీ జరిగింది. "...ఊఊన్న్న్న్."

ఊపిరి అయిపోయి ఆగింది. కోట్ల మీంచి బొట్టు బొట్టుగా వాన నీళ్ళు కారుతున్నాయి. లోపల కప్పతో పిల్లలు అరుస్తున్నారు. టాబిత చెయ్యి తియ్యలేదు. ఎదురుగా గోడని చూస్తోంది, గోడ మీద ఏమీ లేదు.

"మూన్," అంది మెల్లగా. తర్వాత బ్రయొనీ వైపు తిరిగి, కొంచెం అనుమానంగా, "పైన ఉండే మూనేనా?"

"పైన ఉండేదే."

"ఇది ఇక్కడే ఉందా ఇన్నాళ్ళూ?" అని అట్టముక్కని వెనక్కి తిప్పి కూడా చూసింది.

శుక్రవారం సంచులు సర్దే ముందు బ్రయొనీ మిసెస్ పార్జిటర్ని అడిగింది, ఒక్కసారి టాబితని వినమని. మామూలుగా బ్రయొనీ ఏదైనా అడగడం అరుదు. అందుకే కాబోలు మిసెస్ పార్జిటర్ కప్పని సొరుగులో పెట్టి వెంటనే వచ్చి కూర్చుంది, అట్టముక్కలు ఒక్కొక్కటే పెట్టింది. టాబిత గొంతు పట్టుకుంది. "స్స్స్సఅఅన్న్న్. సన్." "ర్ర్ర్రఅఅన్న్న్. రన్." మిసెస్ పార్జిటర్ కనుబొమలు పైకి లేచాయి. ఇంకో ముక్క పెట్టింది. అది క్యాట్.

టాబిత నోరు తెరిచి మూసింది. "క్," అంది. చెయ్యి కింద ఏమీ లేదు. మళ్ళీ, "క్." ఆమె మొహం వాడిపోయింది. "మిస్, ఇది మోగట్లేదు. చెక్క గంటలా ఉంది."

దీని గురించి బ్రయొనీ ఆలోచించలేదు. క్, ప్, ట్, అవి పట్టుకుంటే నిలవవు. సాయం చేస్తే లెక్కలోకి రాదు, మిసెస్ పార్జిటర్ పక్కనే ఉంది. టాబిత కిటికీలోంచి బయటికి చూసింది. చెట్ల మీదుగా గోపురం కొస కనబడుతోంది. చాలాసేపు దాన్నే చూసి, ఏదో తేల్చుకున్నట్టు, ముందుకి వంగింది. కళ్ళు గట్టిగా మూసుకుని మొదటి చప్పుడిని రెండోదాని మీదికి తోసేసింది.

"క్యా... ట్. క్యాట్." ఒక కన్ను తెరిచింది. "గుద్దుకున్నాయి. ఫరవాలేదా?"

"ఏం ఫరవాలేదు," అంది మిసెస్ పార్జిటర్. ఆమెకి సంగతి తెలియదు, అయినా చాలా గంభీరంగా అంది.

"తాతకి చెప్పొద్దు," అంది టాబిత.

మిసెస్ పార్జిటర్ స్వయంగా లేచి బీరువాలోంచి ఒక పల్చటి పుస్తకం తీసింది. అట్ట మీద ఎర్రటి కుక్క. టాబిత దాన్ని సంచిలో పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని గేటుదాకా నడిచింది. సంచి మీద పేరు ఇవాళ బయటి వైపుకే ఉంది. రూఫస్ ఏదో అనబోయి, ఆ నడక చూసి ఊరుకున్నాడు.

విల్ఫ్ గేటు పక్క అరుగు మీద కూర్చుని కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. "ఏదీ, ఇలా ఇవ్వు. ఓహో! అనగనగా ఒక ఎర్ర నక్క. దానికి పళ్ళు నొప్పి. ఒకరోజు అది..."

"తాతా," అంది టాబిత. "నక్క లేదు."

"లేదా? ఇదేంటి మరి, తోక కూడా ఉంది."

"ఇక్కడ రాసుంది." ఆమె వేలు అక్షరాల కింద పెట్టి, రెండో చెయ్యి గొంతు మీద ఆనించింది. "స్స్స్స్..."

వర్షం సన్నగా మొదలైంది. గేటు దగ్గర తల్లులు గొడుగులు తెరుస్తున్నారు. బ్రయొనీ గేటు గడియ మీద చెయ్యి వేసి అక్కడే ఉండిపోయింది. విల్ఫ్ మనవరాలి గొంతు మీది చెయ్యిని చూశాడు, ఆ తర్వాత బ్రయొనీని చూశాడు. పుస్తకంలో ఆ కుక్క పేరు ఆయనకి ఎప్పుడో కనబడింది. మాట అందిద్దామని నోరు తెరిచాడు.

టాబిత వేలు పుస్తకం మీంచి లేచి ఆయన పెదవుల మీద పడింది.

"ఆగు తాతా," అంది. "ఇంకా మోగుతోంది."